ఓడర్ కరకట్ట మీద నడవబోయే అమ్మాయికి

అమ్మలూ,

నీ సందేశం చదివాను. అక్టోబరు రెండో శనివారం నలుగురు స్నేహితులతో కలిసి జర్మనీ, పోలండ్ సరిహద్దులోని దిగువ ఓడర్ లోయకు వెళ్తున్నామనీ, ష్వేట్ స్టేషన్లో దిగి ష్టోల్పె దాకా నడిచి మళ్లీ ష్వేట్‌కే వచ్చేలా ఫోనులో దారి గీసుకున్నామనీ రాశావు. చివర్లో "అంతా చదునే కదా పెద్దమ్మా, 30 కిలోమీటర్లు ఒక లెక్కా" అని ఒక మాట కూడా అన్నావు. ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ వాళ్లకు కూడా చదివి వినిపించు.

చదునుగా ఉంది కనకే అది లెక్క. కొండ ఎక్కేటప్పుడు ఊపిరి అందక నువ్వే ఆగుతావు, దిగేటప్పుడు భారం మరో కండరం మీదికి మారుతుంది. కరకట్ట మీద అలాంటి మార్పేమీ ఉండదు. గట్టి దారి, ఒకే ఎత్తు, ఒకే అడుగు, గంటల తరబడి అంతే. ఎండకైనా గాలికైనా అడ్డం నిలిచే చెట్టు చాలా దూరం కనబడదు. అక్టోబరులో గాలి ఎదురైతే మూడు గంటల నడకకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. మధ్యలో ఎవరికైనా కాలు నొప్పి పుడితే ఎక్కించి పంపడానికి బస్సు దొరకదు, ఎందుకంటే బస్సు తిరిగే రోడ్డు కాలువకు అవతల ఉంటుంది, వంతెనలు ఊళ్ల దగ్గరే ఉంటాయి. అందుకని ఆ 30 కిలోమీటర్లను బాగా తగ్గించు. మిగిలిన సమయంతో ఏం చేయాలో కింద చెబుతాను.

ముందు ఆ నేల ఎలాంటిదో తెలుసుకోవాలి. చెక్ దేశంలో పుట్టి పోలండ్ మీదుగా వచ్చే ఓడర్, అక్కడికి చేరేసరికి సముద్రానికి దగ్గరపడి బాగా నెమ్మదిస్తుంది. జర్మనీకీ పోలండ్‌కీ 1945 నుంచి అదే సరిహద్దు. నదికి పడమర ఒడ్డున, నదికీ హోహెన్‌జాటెన్ నుంచి వచ్చే ఓడల కాలువకూ మధ్య, రెండు మూడు కిలోమీటర్ల వెడల్పున సన్నని పట్టీలాంటి పల్లపు నేల ఉంది. 1995లో జాతీయ ఉద్యానంగా ప్రకటించింది ప్రధానంగా దాన్నే. మొత్తం 10 వేల హెక్టార్ల పైచిలుకు ఉంటుంది. నది వరద మైదానాన్ని కాపాడడానికి జర్మనీలో ఏర్పాటైన జాతీయ ఉద్యానం ఇదొక్కటే.

ఆ పల్లపు నేలను పోల్డర్లంటారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో డచ్చి వాళ్ల పద్ధతిలో కట్టారు. నది ఒడ్డునే ఉన్న గట్టు పొట్టిది, అది వేసవి వరదను మాత్రమే ఆపుతుంది. కాలువ పక్కనున్న కరకట్ట ఎత్తయినది, శీతకాలపు వరద దాన్ని దాటకూడదు. మన గోదావరి ఏటిగట్లు వరదను బయటే ఉంచడానికి కట్టినవి. ఇక్కడి ఏర్పాటు అందుకు తలకిందులుగా ఉంటుంది. నవంబరు మధ్యలో పొట్టి గట్టులోని తూములు ఎత్తి నదిని కావాలనే లోపలికి రానిస్తారు. ఏప్రిల్ మధ్య దాకా ఆ పచ్చిక బయళ్లు నదిలో భాగమే. తర్వాత తూములు మూసి, మిగిలిన నీటిని పంపులతో తోడేస్తారు. నీరు తీసిన నేల మీద వేసవిలో గడ్డి పెరుగుతుంది, ఆవులు మేస్తాయి, రైతులు గడ్డి కోస్తారు.

నీ ఫోనులోని పటానికి ఈ సంగతి తెలియదు. పోల్డర్ మధ్య నుంచి ఓడర్ ఒడ్డు దాకా వెళ్లే దారిని అది జనవరిలోనూ జూలైలోనూ ఒకే గీతగా చూపిస్తుంది. జనవరిలో ఆ గీత మీద మనిషి లోతు నీళ్లుండవచ్చు. అందుకే అక్కడ దారి ఎంచుకునే ముందు నెల ఎంచుకోవాలి. ఏ నెలలో వెళ్తున్నావో తేలితే ఏ దారిన నడవాలో దానంతటదే తేలుతుంది. కరకట్ట మీద ఏడాది పొడుగునా నడవవచ్చు. పోల్డర్ లోపలి దారులు మాత్రం నీరు లేని నెలల్లోనే. ఒక్కోసారి వేసవిలో కూడా నది పొంగి పొట్టి గట్టు దాటి వస్తుంది. దారి మూసినట్టు అడ్డుకర్ర కనిపిస్తే, "కాస్త దూరం వెళ్లి చూద్దాం" అనే స్నేహితుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి మాట వినవద్దు.

మీరు వెళ్లే అక్టోబరు ఈ విషయంలో మంచి నెల. తూములు ఇంకా ఎత్తరు, నేల నడవడానికి గట్టిగా ఉంటుంది, దోమలు దాదాపు పోయి ఉంటాయి. మే చివరి నుంచి ఆగస్టు దాకా ఆ దోమల సంగతి నేను వర్ణించను, కోనసీమలో పెరిగినదాన్ని నాకే విసుగొచ్చింది.

దారి ఇలా పెట్టుకో. బెర్లిన్ నుంచి ఆర్ఈ3 అనే ప్రాంతీయ రైలు ఎక్కితే ష్వేట్‌కు గంటన్నర లోపు పడుతుంది, ఒక్కోసారి అంగర్‌మ్యూండెలో మారాలి. మీ దగ్గరున్న విద్యార్థి టికెట్టు ప్రాంతీయ రైళ్లకు చెల్లేదైతే అదే సరిపోతుంది. ముందురోజు రాత్రి మరోసారి రైలు వేళలు చూడు, ఆ లైనులో పనులు జరిగే వారాంతాల్లో రైలు బదులు బస్సు వేస్తారు, దానికి వేరే లెక్క. ష్వేట్‌లో దిగగానే పెద్ద పెద్ద చిమ్నీలు కనిపిస్తాయి. సోవియట్ కాలంలో వేసిన ద్రుజ్బా పైపులైనుకు ఈ చివరనున్న చమురు శుద్ధి కర్మాగారం అది. జాతీయ ఉద్యానం పక్కన ఇదేమిటని మీ వాళ్లు ముఖం చిట్లిస్తారు. ఊరికి అన్నం పెట్టేది అదే. కరకట్ట మీద ఎంత దూరం వెళ్లినా వెనక్కి తిరిగితే ఆ చిమ్నీలు కనిపిస్తూనే ఉంటాయి, దారి తప్పకుండా ఉండడానికి అవీ పనికొస్తాయి.

ఊరు దాటి కాలువ మీది వంతెన దాటగానే కరకట్ట వస్తుంది. అక్కడ దక్షిణానికి తిరిగి క్రీవెన్ దాకా నడవండి. తాపీగా రెండు గంటలు. ఓడర్–నైస్సె సైకిల్ మార్గం కూడా అదే గట్టు మీద పోతుంది కనక ఐదుగురూ దారికి అడ్డంగా పరుచుకుని నడవకండి. కుడిపక్కన ఒకరి వెనక ఒకరు నడవాలి, గంట వినిపిస్తే పక్కకు జరగాలి. శనివారం అరవై ఏళ్లు దాటిన దంపతులు బ్యాటరీ సైకిళ్ల మీద మన పాతికేళ్ల వాళ్లకన్నా వేగంగా వస్తారు.

క్రీవెన్‌లో వంతెన దాటి ఊళ్లోకి వెళ్తే ఉద్యానపు సందర్శకుల కేంద్రం ఉంది. దాన్ని తప్పించుకుని పోవద్దు. ఓడర్ చేపలను పెద్ద గాజు తొట్టెలో ఉంచారు. ఈ లోయలో చేపలు కంటికి కనబడవు కనక వాటిని అక్కడ చూస్తేనే నది లోపల ఏముందో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఏ దారి తెరిచి ఉంది, ఏది మూశారు అని అక్కడ అడగవచ్చు. నీ జర్మన్ ఎలా ఉన్నా సరే జర్మన్‌లోనే మొదలుపెట్టు, వాళ్ల ముఖం మారిపోతుంది. మరుగుదొడ్డి కూడా అక్కడే చూసుకోండి, తర్వాత దారిలో దొరకదు. పక్కనే లెన్నె అనే 19వ శతాబ్దపు తోటల రూపశిల్పి తీర్చిన పాత ఉద్యానవనం, పెద్ద పెద్ద చెట్లు ఉన్నాయి. భోజనానికి అంతకన్నా మంచి చోటు లేదు.

భోజనం తర్వాత మళ్లీ వంతెన దాటి, ఈసారి కరకట్ట దిగి పోల్డర్ లోపలికి వెళ్లండి. నడకంతటిలో అసలు భాగం ఇదే, దీనికి తొందర పనికిరాదు. దారికి అటూ ఇటూ పాత నదీపాయలు చెరువుల్లా నిలిచి ఉంటాయి, అంచుల్లో రెల్లు, జమ్ము, విల్లో చెట్లు. నీటి పక్కన విల్లో మొద్దులను వంగి చూడు. బీవర్ అనే నీటి జంతువు కొరికిన చెట్టు నేల నుంచి రెండడుగుల ఎత్తున రెండు వైపులా సన్నబడి, మధ్యలో సన్నని నడుంలా ఉంటుంది. కోత మీద జంట గాళ్లు వరసగా కనిపిస్తాయి, ముందు పళ్లు రెండూ దిగినచోట. కింద వేలెడంత పొడవున్న చెక్క పేళ్లు పడి ఉంటాయి. పేడు తెల్లగా, తడిగా ఉంటే అది నిన్నటి రాత్రి పని, ముదురు రంగుకు తిరిగితే పాతది. జంతువు పగలు కనబడదు, దాని కోసం కూర్చుని సమయం పోగొట్టుకోవద్దు. నీటి మీదికి వంగిన కొమ్మల మీద లకుముకి పిట్ట కోసం మాత్రం చూడండి. మన కాలువ గట్ల మీద తీగెపై కూర్చునే చిన్న నీలి లకుముకి జాతే ఇక్కడా ఉంది. ముందు సన్నని ఈల వినిపిస్తుంది, తల తిప్పేసరికి నీలి గీత ఒకటి నీటి మీదుగా పోతుంది.

ఓడర్ ఒడ్డుకు చేరాక నది మధ్యకు పొడుచుకు వచ్చిన రాతి గట్లు వరసగా కనిపిస్తాయి. ఓడల దారి లోతుగా ఉండేందుకు ప్రవాహాన్ని మధ్యకు నెట్టడానికి వేసినవి. వాటి మధ్య ఇసుక, నిలకడగా కనిపించే నీరు చూస్తే దిగాలనిపిస్తుంది. దిగవద్దు. ఆ రాతి గట్ల కొసల దగ్గర సుడులు, లోతైన గుంటలు ఉంటాయి. ఈత బాగా వచ్చిన వాళ్లను కూడా అవి లాగేస్తాయి. ఇంకో సంగతి, 2022 ఆగస్టులో ఈ నదిలో వందల టన్నుల చేపలు చచ్చి తేలాయి. నదిలోకి వదిలిన ఉప్పు నీరు, ఎండాకాలపు తక్కువ ప్రవాహం కలిసి, మామూలుగా ఉప్పు నీటిలో పెరిగే ఒక శైవలం విపరీతంగా పెరిగి విషం వదిలింది. చేపలు, ఆల్చిప్పలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. నది మెల్లగా కోలుకుంటోంది కానీ ఆ ఉప్పు సమస్య తీరలేదు. చూడడానికి అంత పచ్చగా ఉన్న చోటును, వందల కిలోమీటర్ల ఎగువన ఎవరో తిప్పిన కుళాయి పాడుచేయగలదు. గీత గీసి ఇంతవరకు అభయారణ్యం అంటే నది వినదు కదా.

ఒడ్డు నుంచి మళ్లీ కరకట్టకు చేరి, ఓపిక ఉంటే ష్ట్యూట్స్‌కో ఊరి వైపు గంట సేపు తిరిగి రండి, లేదంటే వచ్చిన దారినే ష్వేట్ వైపు. ష్టోల్పెను ఈసారికి వదిలేయండి. అక్కడ కొండ మీద మధ్యయుగపు కోట బురుజు ఒకటి మిగిలింది, గోడలు ఆశ్చర్యపోయేంత మందం, పైనుంచి లోయ మొత్తం కనిపిస్తుంది. కానీ దాన్ని చూడాలంటే వసంతంలో అంగర్‌మ్యూండె వైపు నుంచి విడిగా రావాలి. కింద పోల్డర్లలో నీరు తీయకముందు, ఏప్రిల్ మొదట్లో, పైనుంచి చూస్తేనే ఈ లోయ నిర్మాణం కళ్లకు కడుతుంది.

ఇక మిగిల్చుకున్న సమయం సంగతి. అక్టోబరులో అక్కడ సారసాలు దిగుతాయి. స్పెయిన్ వైపు వెళ్లే దారిలో వేల సంఖ్యలో ఆగి, పగలు కోసిన మొక్కజొన్న చేలలో గింజలు ఏరుకుని, చీకటి పడే వేళకు లోయలోని లోతులేని నీటిలో నిద్రకు వస్తాయి. నక్క నీటిలో చప్పుడు చేయకుండా రాలేదని వాటి ధీమా. మీరు వెళ్లే రోజుల్లో సూర్యుడు సాయంత్రం ఆరు దాటాక అస్తమిస్తాడు. దానికి గంట ముందే కరకట్ట మీద నిలబడి ఉండాలి, కదలకూడదు. ముందు గొంతు వినిపిస్తుంది, పక్షి కనబడదు. ఆ బూరల మోత మధ్యలో సన్నగా, కీచుమంటూ ఇంకో గొంతు కలుస్తుంది. అది ఈ ఏడాది పుట్టిన పిల్లది. దానికింకా పెద్దల గొంతు రాలేదు, తల్లిదండ్రుల మధ్య ఎగురుతూ పిలుస్తూనే ఉంటుంది. గుంపు దగ్గరపడ్డాక ముగ్గురు నలుగురుగా ఉన్న కుటుంబాలను లెక్కపెట్టవచ్చు. దిగేటప్పుడు రెక్కలు వంచి, కాళ్లు కిందికి వేలాడేస్తాయి.

అవి నిద్రించే నీటి వైపు మాత్రం వెళ్లవద్దు. ఒక్కసారి బెదిరి లేస్తే చీకట్లో మరో చోటు వెతుక్కోవాలి, ప్రయాణానికి దాచుకున్న కొవ్వు అక్కడ ఖర్చవుతుంది. ఎక్కడ నిలబడాలో తెలియకపోతే ఉద్యానం వాళ్లే సాయంత్రపు నడకలు తీసుకెళ్తారు, క్రీవెన్‌లో అడుగు. అలా వెళ్తే మంచి చోటు కూడా తెలుస్తుంది. మరో చిట్కా: పొలాల్లో కూర్చున్న అడవి బాతులన్నీ ఒక్కసారిగా గోల చేస్తూ లేస్తే బాతులను చూడవద్దు, వాటికన్నా పైకి చూడు. తెల్లతోక గద్ద ఎక్కడో ఉంటుంది.

మిగతా కాలాల గురించి కూడా రెండు మాటలు, మళ్లీ వెళ్తారు కనక. జనవరి, ఫిబ్రవరిల్లో ఉత్తరం నుంచి హూపర్ హంసలు వస్తాయి, నీరు నిండిన పోల్డర్ మీద వాటి కూత కిలోమీటరు దూరం వినిపిస్తుంది. అప్పుడు నడక తక్కువ, చలి ఎక్కువ, జనవరి మొదట్లో నాలుగింటికల్లా చీకటి మొదలు. మే, జూన్ రాత్రుల్లో గడ్డిలో కార్న్‌క్రేక్ అనే పక్షి అరుస్తుంది, దువ్వెన పళ్ల మీద గోరుతో గీసినట్టు, గంటల తరబడి. ఆ పక్షి గూడు కట్టే గడ్డిని ఆలస్యంగా కోయాలని రైతులతో ఒప్పందాలు చేసుకుంటారు, తొందరగా కోస్తే పిల్లలు కత్తి కింద పడతాయి. ఆ నెలల్లో దారి వదిలి గడ్డిలో కాలు పెట్టవద్దంటే అందుకే.

ఆ మాటకొస్తే ఏ నెలలోనూ దారి వదలకూడదు. ఉద్యానంలో దాదాపు సగం భాగాన్ని మనిషి చెయ్యి పడకుండా వదిలేశారు, అక్కడ కట్టెపుల్ల కూడా ఏరకూడదు. మంట వేయడం, గుడారం వేయడం, డ్రోన్ ఎగరేయడం నిషేధం. మీ స్నేహితుడెవరో డ్రోన్ తెస్తానన్నాడని రాశావు. జరిమానా సంగతి అటుంచు, దాని చప్పుడుకు పది నిమిషాల్లో లోయ ఖాళీ అయిపోతుంది. స్పీకరు కూడా వద్దు. మన పాటలు రైల్లో చెవుల్లో పెట్టుకుని వినండి.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్లాలి. గ్రామాల్లో దుకాణాలు దాదాపు లేవు, ఆదివారమైతే ష్వేట్‌లోనూ మూసే ఉంటాయి. పులిహోర కలుపుకోండి, సాయంత్రం దాకా పాడవదు, చల్లారినా రుచి పోదు. మనిషికి లీటరున్నర నీళ్లు. ఫ్లాస్కులో టీ. తిన్న తర్వాత మిగిలింది పొదల్లోకి విసరవద్దు, ముఖ్యంగా మీ వాళ్లలో ఎవరైనా పంది మాంసం శాండ్‌విచ్ తెస్తే. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు పోలండ్ వైపు నుంచి వచ్చింది, దాని వైరస్ మాంసంలో చాలాకాలం బతుకుతుంది. ఒక అడవిపంది ఆ ముక్క తింటే చాలు. అడవిపందులు దాటకుండా వేసిన కంచెలు కొన్నిచోట్ల కనిపించవచ్చు, గేటు తీస్తే వెనకే వేయండి.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. పొడవు ప్యాంటు, సాక్సు దాని మీదికి లాగాలి. ఫ్యాషన్ గురించి ఆలోచించకు, పిడుదుల గురించి ఆలోచించు. అక్టోబరులో కూడా అవి గడ్డి కొసన కాచుకుని ఉంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, నడుం చుట్టూ, చెవుల వెనక చూసుకోవాలి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి వైద్యాలు చేయవద్దు. మందుల షాపులో చిన్న పట్టకారు దొరుకుతుంది, చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి. తేదీ రాసి పెట్టుకో. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పెద్దదవుతూ వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, లైమ్ జబ్బుకు మొదట్లోనే మందు వాడితే తగ్గుతుంది.

ష్వేట్ నుంచి తిన్నగా తూర్పుకు నడిస్తే వంతెన మీదుగా పోలండ్ ఊరు క్రాయ్నిక్ డోల్నీ వస్తుంది. దాని పక్కన జాటోన్ డోల్నా దగ్గర కొండ వాలులో 19వ శతాబ్దపు పాత ఉద్యానవనం, ప్రేమలోయ అంటారు, పైనుంచి జర్మనీ వైపు పోల్డర్లు చక్కగా కనిపిస్తాయి. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే వెంట ఉండాలి, ఫోటోలు చాలవు. ఈ సరిహద్దులో కొన్నేళ్లుగా తనిఖీలు జరుగుతున్నాయి, మన రంగు వాళ్లను ముందుగా ఆపుతారు. అన్యాయమే, అయినా కాగితాలు జేబులో ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వంతెన దాటకపోయినా తీసుకెళ్లండి.

సారసాలను చూశాక చీకట్లోనే తిరిగి రావాలి కనక ఒక్కొక్కరికీ తలకు కట్టుకునే లైటు ఉండాలి. పక్షుల వైపు వెలుగు వేయకుండా కాళ్ల దగ్గరే పట్టుకోవాలి. రాత్రి రైళ్ల మధ్య ఎడం ఎక్కువ, ఏ రైలు తప్పితే తర్వాతిది ఎప్పుడో కాగితం మీద రాసుకోండి, చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఏదైనా జరిగితే రెండు ఒడ్డుల్లోనూ నంబరు 112.

నా బైనాక్యులర్లు గురువారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. శుక్రవారం నేను ఇంట్లో ఉండను. ఐదుగురికీ ఒకటే కనక వంతులు వేసుకోండి, తీసుకునేవాళ్లు తాడు మెడలో వేసుకున్నాకే చేయి వదలాలని మొదటే చెప్పు. వచ్చేటప్పుడు నా స్టీలు డబ్బాలు రెండు నీ దగ్గరే ఉండిపోయాయి, అవి పట్టుకురా. పులిహోర నేనే కలిపి ఇస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ